విత్తిన చేలో ఉడ్ పిజన్లు: తుపాకీ సంగతి తర్వాత, ముందు తిత్తి విప్పి చూడండి

ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక తెలుగాయన అడిగిన ప్రశ్న ఇది. పక్క ఊరి రైతుతో ఆయనకు పరిచయమైంది. ఆ రైతు మార్చిలో ఒక చేలో బార్లీ, దాని పక్క చేలో బఠానీ విత్తాడు. వందల ఉడ్ పిజన్లు దిగుతున్నాయట, వచ్చి కాల్చిపెట్టమని పిలిచాడట. "నాకు లైసెన్సు లేదు, తుపాకీ ఎప్పుడూ పట్టలేదు. వెళ్లొచ్చా? వెళితే ఏం చేయాలి? ఇదే పద్ధతి ప్రకాశం జిల్లాలో మా శనగ చేలో పనికొస్తుందా?" అని అడిగారు.

ముందు ఆఖరి ప్రశ్నకు జవాబు చెప్పేస్తాను. పనికిరాదు. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. దాని షెడ్యూళ్లలో ఉన్న పక్షిని కొడితే వ్యవహారం జైలు దాకా పోతుంది. నెమలైతే ఏకంగా మొదటి షెడ్యూల్. గువ్వే కదా, పావురమే కదా అని తేలిగ్గా తీసుకోకండి. తుపాకీకి 1959 ఆయుధాల చట్టం వేరే ఉంది. పక్షి ఎంత పాడుచేసినా మన చేలో మంచె, వడిసెల, డబ్బా చప్పుడు, మెరిసే రిబ్బన్లే దారి. గొర్రుతో విత్తాక గుంటక సరిగ్గా తోలి గింజ పైకి కనపడకుండా చేస్తే సగం గొడవ అక్కడే తీరుతుంది. ఇక కింద రాసేదంతా ఇంగ్లండ్ గురించే. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో లైసెన్సులు వేరు, అక్కడుంటే అక్కడివి చదువుకోండి.

ఉడ్ పిజన్ మన గుడి గోపురాల మీద ఉండే పావురం కంటే బాగా పెద్దది. అర కిలో దాకా తూగుతుంది. బూడిద రంగు ఒళ్లు, లేత గులాబి ఛాతీ, మెడకు రెండు పక్కలా తెల్ల మచ్చ, రెక్క విప్పితే అడ్డంగా తెల్లటి పట్టీ. బ్రిటన్‌లో సుమారు 50 లక్షల జతలు గూళ్లు కడతాయని అంచనా. ఒకప్పుడు చలికాలంలో తిండి లేక చాలా చచ్చిపోయేవి. ఇప్పుడు ఆవాల జాతికి చెందిన ఆయిల్‌సీడ్ రేప్ చలికాలమంతా పచ్చగా నిలబడుతుంది, దాని ఆకు తిని బతికేస్తున్నాయి. వీటితో కలిసి స్టాక్ డవ్ అనే ఇంకో పక్షి కూడా తిరుగుతుంది. అది కాస్త చిన్నది. దానికి మెడ మీద తెలుపు ఉండదు, రెక్క మీద పట్టీ ఉండదు. దాన్ని కాల్చడానికి కింద చెప్పబోయే లైసెన్సు అనుమతించదు. చిక్కేమిటంటే, ఉడ్ పిజన్ పిల్లకు కూడా మెడ మచ్చ ఇంకా రాదు. కాబట్టి మెడను వదిలేసి రెక్క చూడటం అలవాటు చేసుకోండి. తెల్ల పట్టీ కనపడకపోతే ట్రిగ్గర్ మీదికి వేలు పోకూడదు.

ఇప్పుడు చట్టం. 1981 నాటి వైల్డ్‌లైఫ్ అండ్ కంట్రీసైడ్ చట్టం ఇక్కడి అడవి పక్షులన్నిటికీ రక్షణ ఇస్తుంది, ఉడ్ పిజన్‌కు కూడా. "అది పురుగు లెక్క, ఎవరైనా కాల్చొచ్చు" అని పబ్బులో ఎవరైనా చెబితే నమ్మకండి. పంటకు తీవ్ర నష్టం జరగకుండా ఆపడానికి మాత్రం జీఎల్42 అనే జనరల్ లైసెన్సు ఉంది. దానికి దరఖాస్తు లేదు, ఫీజు లేదు. కానీ షరతులు చదివి, వాటికి కట్టుబడి ఉంటేనే అది మీకు వర్తిస్తుంది. పొలం యజమాని అనుమతి ఉండాలి. కారణం పంట నష్టమే అయ్యుండాలి, సరదా కాకూడదు. బెదరగొట్టే పద్ధతులు తగినంతగా ప్రయత్నించి ఉండాలి. 2019 ఏప్రిల్‌లో వైల్డ్ జస్టిస్ అనే సంస్థ కోర్టుకెక్కడంతో, ఆ లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ నేచురల్ ఇంగ్లండ్ అప్పటి మూడు జనరల్ లైసెన్సులను ఉన్నపళంగా వెనక్కి తీసుకుంది. సరిగ్గా వసంతకాలపు పంటలు మొలిచే వేళ. రైతులకు ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. ఇప్పటి నిబంధనలు ఆ గొడవ తర్వాత వచ్చినవే. లైసెన్సు మాటలు ఏటా మారవచ్చు, అందుకని వెళ్లే ముందు ప్రభుత్వ వెబ్‌సైటులో ఆ ఏటి కాపీ చదవండి.

మీకు షాట్‌గన్ సర్టిఫికెట్ లేదన్నారు. అది పోలీసులు ఇస్తారు. డాక్టరు నివేదిక, తెలిసినవాళ్ల సిఫార్సు, ఇంట్లో తాళం వేసే ఇనుప బీరువా అన్నీ చూసే ఇస్తారు. అది వచ్చేలోగా ఒక వెసులుబాటు ఉంది. సర్టిఫికెట్ ఉన్న పెద్దవాడు, ఆ పొలంలోకి మిమ్మల్ని అనుమతించే అధికారం ఉన్నవాడు, మీ పక్కనే ఉంటే ఆయన షాట్‌గన్ అరువు తీసుకుని ఆ పొలంలోనే వాడవచ్చు. అంటే రైతు తుపాకీ మీ చేతిలో పెట్టి ట్రాక్టర్ ఎక్కి వెళ్లిపోతే అది నేరమే, ఇద్దరిదీ. వీసా మీద ఉన్నవాళ్లు ఈ ఒక్క విషయంలో మొహమాటపడొద్దు. "మీరు ఉంటేనే పట్టుకుంటాను" అని ముఖం మీదే చెప్పండి, ఆయనే మెచ్చుకుంటాడు. పొలానికి వెళ్లేముందు మట్టి పళ్లేలు ఎగరేసి కాల్చడం నేర్పే క్లే గ్రౌండ్‌లో ఒక శిక్షకుడి దగ్గర నేర్చుకోండి. తుపాకీ భుజానికి ఎలా ఆనాలో, ఎప్పుడు విరిచి (అంటే గొట్టం మొదట్లో మడిచి తెరిచి) పట్టుకోవాలో అక్కడే చేతికి రావాలి. ప్రాణమున్న పక్షి మీద నేర్చుకోకూడదు.

ఇక అసలు విషయం. విత్తిన చేలో పక్షులు కనపడగానే నష్టం అనుకోవడం రైతులకూ అలవాటే, తుపాకీవాళ్లకూ అలవాటే. ఉడ్ పిజన్ కోడిలా కాళ్లతో గీకదు. పైపైన ఉన్నదాన్నే ఏరుకుంటుంది, మట్టిని ముక్కుతో కాస్త పక్కకు నెడుతుందేమో అంతే. విత్తనం వేసే యంత్రం, అంటే డ్రిల్లు, బార్లీని మూడు నాలుగు సెంటీమీటర్ల లోతులో వేసి, పైన రోలర్ తిప్పితే, ఆ గింజ దానికి దాదాపు అందదు. మరి వందల పక్షులు దేనికి దిగుతున్నాయి? డ్రిల్లు తిరిగే చేను చివర్లు చూడండి. అక్కడ యంత్రం పైకి లేస్తూ గింజలు రాలుస్తుంది. విత్తనం నింపిన చోట ఒలికి ఉంటుంది. రాళ్ల నేలైతే కొన్ని చాళ్లు సరిగ్గా పూడవు. పక్షులు తినేది చాలావరకు ఆ పైన పడ్డ గింజే. అది ఎలాగూ సరిగ్గా మొలవని గింజ. దాన్ని తిన్నందుకు పక్షిని కాల్చి "పంట కాపాడాను" అంటే నేను ఒప్పుకోను. మొక్కల వేళ్ల దగ్గర గుంటలు గుంటలుగా తవ్వి, వరసలో గింజ పీకేసి ఉంటే అది రూక్ పని, ఆ కాకి జాతి పక్షికి పొడుగాటి ముక్కుంది. పాపం పిజన్ మీద పడుతుంది.

బఠానీ సంగతి పూర్తిగా వేరు. అది మొలకెత్తి మట్టి పైకి తల పెట్టినప్పుడు పిజన్ ఆ లేత కొనను తుంచుతుంది. కొన పోయిన మొక్క పక్క కొమ్మ వేసి లేచినా వెనకబడుతుంది. చేనంతా ఒకేసారి పండకపోతే, ఒకే రోజు యంత్రంతో కోసి ఫ్యాక్టరీకి పంపే పచ్చి బఠానీకి అది పెద్ద దెబ్బ. లింకన్‌షైర్ రైతు భయపడుతున్నది దీనికైతే ఆయన భయం నిజమే. కాబట్టి మీరు కాపలా ఉండాల్సింది విత్తిన రోజున కాదు. మొలక పైకి కనపడిన రోజు నుంచి మొక్క నిలదొక్కుకునే దాకా ఆ పది పదిహేను రోజులు.

ఏది తింటున్నాయో తెలుసుకోవడానికి దారి ఒకటుంది. మొదటి పక్షి పడగానే కాల్పులు ఆపి దాని తిత్తి, అంటే తిన్నది ముందుగా చేరే సంచి, చూడండి. మెడ కింద, ఛాతీకి పైన బొటనవేలు పెడితే గరగరలాడుతూ తగులుతుంది. ఈకలు పక్కకు తీసి, చిన్న కత్తితో చర్మం గీస్తే పలుచటి సంచి బయటపడుతుంది. దాన్ని అరచేతిలో వంచండి. పొడి బార్లీ గింజలు, విత్తన శుద్ధి మందు ఎర్ర రంగుతో, మొలక జాడ లేకుండా ఉంటే అవి పైన ఒలికినవి. బఠానీ ఆకు ముక్కలు, మెలిపడిన లేత కాడలు, సగం తెరుచుకున్న పప్పు బద్దలు కనపడితే పంట పోతోందన్నమాట. కొన్నిసార్లు ఈ రెండూ ఉండవు. చిక్‌వీడ్ కలుపు ఆకు ఆకుపచ్చ ముద్దగా, క్లోవర్ ఆకు, నల్లటి ఐవీ పండ్లు, చెట్ల మొగ్గలు ఉంటాయి. అంటే ఆ పక్షి మీ రైతు కలుపే ఏరిపెడుతోంది. అప్పుడు తుపాకీ మడిచి రైతుకు ఆ తిత్తి చూపించండి. ఫోటో తీసి ఉంచుకోండి కూడా, లైసెన్సు కింద మీ కారణం ఏమిటని రేపెవరైనా అడిగితే అంతకంటే మంచి సాక్ష్యం లేదు.

ఇంకో మాట కూడా రైతుకు ముందే చెప్పాలి. కాల్చడం వల్ల పిజన్ల సంఖ్య తగ్గదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇక్కడి ప్రభుత్వం తూటాలకు సబ్సిడీ ఇచ్చి మరీ కాల్పించింది. అదే కాలంలో కేంబ్రిడ్జ్‌షైర్ పొలాల్లో ఏళ్ల తరబడి లెక్కలు కట్టిన పరిశోధకులు తేల్చింది ఏమిటంటే, చలికాలంలో కాల్చిన పక్షులు చాలావరకు తిండి చాలక ఎలాగూ చచ్చేవే. వాటి చోట మిగిలినవి బతికాయి. సంఖ్యను నిర్ణయించేది తిండి, తుపాకీ కాదు. మరి తుపాకీ దేనికి? ఆ చేను మీద ఆ వారం వాలకుండా చేయడానికి. బఠానీ చేలో మీరు ముప్పై పక్షులు కొట్టినా, మూడు కొట్టినా, మిగతావి ఆ పూట దిగకపోతే పని జరిగినట్టే. వందలు కొట్టిన రోజుల గురించి గొప్పలు చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. వాళ్లలో చాలామందికి ఆ చేను చివరికి ఎలా పండిందో తెలియదు.

బెదరగొట్టే సామాను గురించి రెండు ముక్కలు. గ్యాస్ గన్ అంటే గ్యాస్‌తో ఉత్త పేలుడు చప్పుడు చేసే యంత్రం, దాన్ని ఒకేచోట వారం పెడితే పిజన్ దాని పక్కనే కూర్చుని మేస్తుంది. చోటు మార్చాలి, చప్పుడు వేళ మార్చాలి, పొరుగు ఇళ్ల వైపు పెట్టకూడదు. గద్ద ఆకారం గాలిపటం గాలి ఉన్నంతసేపే పనిచేస్తుంది. ఇవన్నీ వాడుతూ మధ్యలో ఒక పూట తుపాకీ కూడా వినపడితే ఉత్త చప్పుడుకు కూడా విలువ పెరుగుతుంది. నా అనుభవంలో ఇది బాగా పనిచేసే జోడీ.

ఇక ఎలా కూర్చోవాలి అన్నది. ముందు రోజు తుపాకీ లేకుండా బైనాక్యులర్‌తో వెళ్లండి. చేను గట్టు మీద ఎంతసేపు చూస్తే అంత మంచిది. పిజన్లు ఇష్టమొచ్చినట్టు రావు, వాటికి ఆకాశంలో దారులుంటాయి. పొదల వరస వెంట, రెండు చెట్ల మధ్య సందులోంచి, కరెంటు స్తంభాల మీదుగా వస్తాయి. పొద్దున కాస్త ఎండెక్కాక ఒక విడత, మధ్యాహ్నం దాటాక గూటికి పోయే ముందు ఇంకో విడత గట్టిగా మేస్తాయి. మీరు మాటు వేయాల్సింది అవి మేసే చోటుకూ, వచ్చే దారికీ మధ్యలో. తప్పు చోట మాటు వేసి రోజంతా డికాయ్‌లు, అంటే ఎర బొమ్మలు, మార్చుకుంటూ కూర్చునేవాళ్లను చూస్తే జాలేస్తుంది. పక్షి దారి మారదు, మనమే మారాలి.

మాటు అంటే పొదను ఆనుకుని నాలుగు కర్రలు పాతి, నెట్ కట్టి, ముందు పక్క అక్కడి కొమ్మలే గుచ్చడం. వెనక నేపథ్యం ముదురుగా ఉండాలి, లేకపోతే మీ తల ఆకాశం మీద గీత గీసినట్టు కనపడుతుంది. పిజన్ పైనుంచి చూస్తుందని మర్చిపోవద్దు. ముఖం, చేతులు కప్పుకోండి. కదలిక తగ్గించండి. ఫోన్ తెర మెరుపుకు కూడా గుంపు పక్కకు తిరిగిపోతుంది.

డికాయ్‌లు మన పల్లెల్లో కౌజుల వేటకు వాడే దీమం పిట్ట లాంటివే. తేడా ఏమిటంటే ఇక్కడ కట్టేసిన ప్రాణమున్న పక్షిని ఎరగా పెట్టడం నేరం, రికార్డు చేసిన కూత వినిపించడం కూడా అంతే. ప్లాస్టిక్ బొమ్మలు, ఆ రోజు పడ్డ చచ్చిన పక్షులు వాడతారు. పదో పన్నెండో చాలు. పిజన్ గాలికి ఎదురుగా వాలుతుంది కాబట్టి బొమ్మల తలలు సుమారుగా గాలి వైపు పెట్టండి, అన్నీ ఒకే కోణంలో మాత్రం వద్దు. గాలి మీ వెనక నుంచి వీచేలా కూర్చుంటే పక్షి మీ ఎదురుగా దిగుతుంది. గుర్రపు నాడా ఆకారంలో పేర్చి మధ్యలో ఖాళీ వదలండి. వచ్చే పక్షి ఆ ఖాళీలో దిగాలనుకుంటుంది. ఆ ఖాళీ మీ మాటుకు 20, 25 గజాలు మించకూడదు. విత్తిన నేల మీద పిజన్లు గింజ వెతుక్కుంటూ దూరదూరంగా నడుస్తాయి, కాబట్టి బొమ్మల మధ్య రెండు మూడు అంగల దూరం ఉంచండి. చచ్చిన పక్షిని వెల్లకిలా వదిలేయకండి, లేత రంగు పొట్ట దూరానికి ప్రమాద సూచనలా కనపడుతుంది. బోర్లా పెట్టి గడ్డం కింద చిన్న పుల్ల గుచ్చండి. బ్యాటరీతో రెండు పక్షులను గిరగిరా తిప్పే యంత్రం ఒకటి ఉంది, దాన్ని మ్యాగ్నెట్ అంటారు. కొన్ని రోజులు బ్రహ్మాండంగా లాగుతుంది, కొన్ని రోజులు తరిమేస్తుంది. పక్షులు దూరంలోనే పక్కకు తిరిగిపోతుంటే వెంటనే ఆపేయండి.

తుపాకీ ట్వెల్వ్ బోర్, చోక్ (గొట్టం కొసన ఉండే ఇరుకు) ఎక్కువ బిగుతు లేనిది చాలు. తూటాలు 28, 30 గ్రాములవి, సీసమైతే 6 నంబరు గుళ్లు. తూటాలో మందుకూ గుళ్లకూ మధ్య ఉండే వాడ్ ఫైబర్‌ది తీసుకోండి, చేలో ప్లాస్టిక్ కప్పులు చెల్లాచెదురుగా పడితే ఏ రైతూ మళ్లీ పిలవడు. సీసం గుళ్లను ప్రభుత్వం తీసేసే దారిలో ఉంది, కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్లు స్టీల్‌తోనే అలవాటు పడటం మేలు. స్టీల్ తేలిక కాబట్టి రెండు సైజులు పెద్ద గుళ్లు వాడాలి. పాత తుపాకీకి స్టీల్ పనికొస్తుందో లేదో తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌ను అడగకుండా వేయకండి.

పక్షి రెక్కలు బిగించి దిగుతున్నప్పుడే లేవండి. గుంపులోకి కాల్చొద్దు, ఒక్కదాన్నే ఎంచుకోండి. 30 గజాలు దాటితే వదిలేయండి. గాయపడ్డ పక్షి ఎగిరిపోయి ఏ పొదలోనో చావడం కంటే అది చూసి భయపడి వెళ్లిపోవడమే మీకూ రైతుకూ మంచిది. కింద పడి కొట్టుకుంటుంటే మిగతా పక్షులు వస్తున్నా సరే, వెళ్లి దాన్ని వెంటనే చంపండి. పొద మట్టానికి కిందుగా ఎప్పుడూ కాల్చవద్దు. ఇంగ్లండ్ పొలాల మధ్యలోంచి జనం నడిచే కాలిదారులు పోతుంటాయి. చిన్న గుళ్లు కూడా రెండు వందల మీటర్లు దాటి పడతాయి. మనిషి కనపడితే తుపాకీ విరిచి తూటాలు తీసేయండి. రోడ్డు మధ్య గీత నుంచి 50 అడుగుల లోపు తుపాకీ పేల్చి ఎవరికైనా ఇబ్బంది కలిగిస్తే హైవేస్ చట్టం కింద కేసు పడుతుంది. మాటులో ఇద్దరుంటే ఒకరే కాల్చాలి, రెండోవారి తుపాకీ ఖాళీగా ఉండాలి. కారు గట్టు మీదే ఆపండి. తడి మీద ఉన్న విత్తిన చేలోకి చక్రం దిగితే పిజన్లు చేసే నష్టం కంటే ఎక్కువ మీరే చేసినట్టు.

పని అయ్యాక ఖాళీ తూటా తొడుగులు ఒక్కటి కూడా మిగలకుండా ఏరండి. పడ్డ పక్షులన్నీ లెక్క చూసుకుని, ఎన్ని పడ్డాయో, తిత్తిలో ఏముందో రైతుకు ఆ సాయంత్రమే చెప్పండి. తినే ఉద్దేశం ఉంటే తిత్తి అక్కడికక్కడే తీసేయాలి, లోపల తడి గింజ పులిసి మాంసం త్వరగా పాడవుతుంది. శుద్ధి మందు పట్టిన ఎర్ర గింజలు తిత్తి నిండా ఉంటే ఆ పక్షిని వంటకు వాడకండి. మిగతావాటికి చర్మం చీరి ఛాతీ కండ తీసేస్తే చాలు, మిగిలిన చోట్ల మాంసం పెద్దగా ఉండదు. ముదురు ఎరుపు రంగు, కొవ్వు తక్కువ. అల్లం వెల్లుల్లి, మిరియాలు పట్టించి పెద్ద మంట మీద వేపుడు చేస్తే బాగుంటుంది, ఎక్కువసేపు ఉంచితే గట్టిపడిపోతుంది. గుళ్లు వేలితో వెతికి తీసేయండి. సీసంతో కాల్చినవైతే పిల్లలకు, గర్భిణులకు పెట్టకండి. అలాంటి మాంసం తగ్గించమని ఇక్కడి ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ కూడా చెబుతోంది.